తొంభై తొమ్మిది బిళ్ళలు

ఒక మనిషిని నేను తొమ్మిది వారాలపాటు దొంగ అనుకున్నాను. ఆయన ఎత్తుకుపోయాడని నేను నమ్మింది ఒక చిన్న చెక్కబిళ్ళ. దాని మీద అక్షరం కూడా లేదు. విన్నవాళ్ళకు నవ్వు రావచ్చు. కానీ ఆ బిళ్ళ వల్ల ఆయన ఆదివారాలు పోయాయి. ఆయనకున్నవే ఆ ఆదివారాలు.

ప్రత్తిపాడులో చర్చి ఆవరణలో ఒక చదువుకునే గది ఉంది. ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకు మేం అక్కడ ఇంగ్లిషు అక్షరాల ఆట ఆడతాం. గళ్ళు గీసిన అట్ట, సంచీలో నూరు బిళ్ళలు. చూడకుండా చెయ్యి పెట్టి తలా ఏడు బిళ్ళలు తీసుకోవాలి. వాటితో మాట కట్టి అట్ట మీద పేర్చాలి. తరచుగా వచ్చే అక్షరాలకు ఒక పాయింటు, అరుదైన వాటికి ఎక్కువ. జెడ్‌కి పది. ఖాళీ బిళ్ళలు రెండుంటాయి. వాటిని ఏ అక్షరంగానైనా వాడుకోవచ్చు. వాటి విలువ సున్నా, అయినా అందరూ కోరుకునేది వాటినే.

ఆట నేర్పింది టీచరమ్మ గారు. ఇంగ్లిషు పాఠాలు చెప్పి రిటైరై ఆ ఆవరణలోనే ఉంటారు. రెండోవాడు నాతో పదో తరగతి దాకా చదివినవాడు, ఎరువుల కొట్టు పెట్టుకున్నాడు. మూడోవాణ్ణి నేను. గుంటూరు రోడ్డులో మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో కాటా దగ్గర గుమాస్తాని. పదో తరగతితో నా చదువు ఆగిపోయింది. లెక్కలు నేనే నేర్చుకున్నాను, ఇంగ్లిషు మాటలూ నేనే ఏరుకున్నాను. రోజుకు ఒక్క మాట చొప్పున నోటుబుక్కులో రాసుకుంటాను. మాట, దాని పాయింట్లు, అర్థం, ఎవరి నోట విన్నానో, నిజమని తేలిందా లేదా. ఐదు గళ్ళు. నాలుగో కుర్చీలో ఎవరు కుదిరితే వాళ్ళు కూర్చునేవారు.

మా గదికి మూడు కట్టుబాట్లు. ఒకటి, మాట పేర్చినవాడు దాని అర్థం చెప్పగలగాలి. పెద్ద పోటీల్లో ఇలా ఉండదట, మాట నిఘంటువులో ఉంటే చాలట. టీచరమ్మ గారు ఒప్పుకోరు. అర్థం తెలియని మాట చేతిలో పెట్టుకోవడం పక్కింటి తాళంచెవి పెట్టుకోవడం లాంటిదంటారు. రెండు, ఎవరికైనా అనుమానం వస్తే గదిలోని పెద్ద నిఘంటువు తెరవచ్చు. మాట ఉంటే అనుమానించినవాడి వంతు పోతుంది, లేకపోతే పేర్చినవాడి వంతు పోతుంది. ఫోన్లు మాత్రం కిటికీ దగ్గర బుట్టలో పెట్టాలి. మూడో కట్టుబాటు నాది. ఆట అయ్యాక గది చూసుకునే మనిషి బిళ్ళలన్నీ లెక్కపెట్టి సంచీలో వేసి బీరువాలో పెట్టాలి. అంకె నాకు చెబితే నేను రాసుకుంటాను. ఐదు గంటలకు సాయంత్రం ఆరాధన గంట కొడతారు. గంట కొట్టిన చోట ఆట ఆపేస్తాం కాబట్టి సంచీలో ఎప్పుడూ కొన్ని బిళ్ళలు మిగిలే ఉంటాయి.

కిందటి ఏడాది మిరప కోతలు మొదలైన రోజుల్లో ఆయన వచ్చాడు. అరవై దాటిన మనిషి, సన్నగా, తెల్ల చొక్కా పొడుగు చేతులు మణికట్టు దగ్గర గుండీ పెట్టుకుని. దాచేపల్లి వైపు ఒక సున్నపురాయి క్వారీ ఆఫీసులో ముప్పై ఏళ్ళు టైం కీపరుగా చేశాడట. భార్య పోయాక ఆ క్వార్టరు వదిలి మా ఊరొచ్చాడు. చర్చిలో టీచరమ్మ గారితో పరిచయమైంది. ఆవిడ ఆటకు రమ్మన్నారు.

మొదటి ఆదివారమే ఆయన నాలుగక్షరాల మాట ఒకటి పేర్చాడు. ట్రెట్.

"ఇదేం మాటండీ?" అన్నాను.

"తూకంలో మాటండి. ముందు గోతాం బరువు తీసేస్తారు కదా. ఆ తర్వాత దుమ్ముకీ చెత్తకీ అని ఇంకాస్త తీసేసేవారు. ఆ రెండో తరుగును ట్రెట్ అనేవారట, పూర్వం."

నేను ఇరవై ఎనిమిదేళ్ళుగా కాటా దగ్గర కూర్చుంటున్నాను. తూకంలో నాకు తెలియని మాట ఈ క్వారీ మనిషికి ఎలా తెలుస్తుంది? నిఘంటువు తెరవమన్నాను. టీచరమ్మ గారు కళ్ళద్దాలు సర్దుకుని వేలు పెట్టి చదివారు. ఉంది. నూట నాలుగు పౌన్లకు నాలుగు పౌన్లు వదిలేవారట. అంటే ఇరవై ఆరో వంతు. నా వంతు పోయింది.

ఎరువుల కొట్టువాడు తొడ చరిచి నవ్వాడు. "ఏరా, నీ కాటా మీదికే కాటా తెచ్చాడుగా పెద్దాయన."

ఆట అయ్యాక నేను ఆయన్ని అడిగాను. "మీకు ఇంగ్లిషు ఎవరు నేర్పారండీ?"

"ఎవరూ లేదండి. ఆఫీసులో పాత నిఘంటువు ఒకటుండేది. తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టేవాళ్ళు. షిఫ్టు లోపలికెళ్ళాక మళ్ళీ బయటికొచ్చేదాకా నాకు పనేముంది. చదివేవాణ్ణి." మణికట్టు గుండీ సర్దుకుని, "మా నాన్న పాలేరండి. మీ పొలాల్లాంటి పొలాల్లోనే," అన్నాడు.

నేను అడగని సంగతి ఆయన ఎందుకు చెప్పాడో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇంగ్లిషు ఎవరు నేర్పారన్న ప్రశ్న నేను ఎరువుల కొట్టువాణ్ణి ఎప్పుడూ అడగలేదు. నాలుగో కుర్చీలో కూర్చున్న ఇంకెవర్నీ అడగలేదు. దొరలాగా మాట్లాడే ఇంగ్లిషు మాకెవరికీ లేదు, అందరం ఏరుకున్నవాళ్ళమే. అయినా ఆయన్ని మాత్రమే అడిగాను.

తర్వాతి వారాల్లో ఆయన పేర్చినవన్నీ అలాంటివే. నాయిల్: దూది దువ్వినప్పుడు రాలిపోయే పొట్టి పోగు. పత్తి మిల్లుల మధ్య పుట్టి పెరిగాను, ఆ పోగు నా చొక్కాకు అంటుకోని రోజు లేదు, దానికొక పేరుందని నాకు తెలియదు. రెట్: నార ఊడేందుకు కట్టెల్ని నీళ్ళలో నానబెట్టడం. మేం జనుము కట్టలు కుంటలో వేసి పైన రాళ్ళు పెట్టేవాళ్ళం, ఆ పని. ఇంకో వారం సి, డబ్ల్యూ, ఎం అని మూడక్షరాలు పెట్టాడు. మధ్యలో అచ్చు లేదు. కూమ్ అని పలకాలట, కొండ పక్కన గిన్నెలా తవ్వినట్టుండే లోయ. అచ్చు లేకుండా మాటేమిటని నేను గట్టిగానే అన్నాను. నిఘంటువులో ఉంది. నాలుగు సార్లు అనుమానించాను, నాలుగు సార్లూ నా వంతే పోయింది.

ఒక సంగతి చెప్పాలి. అనుమానించడం నా వృత్తి. మిరపకాయల గోతాం మూతి దగ్గర ఎప్పుడూ ఎర్రగా నిగనిగలాడే కాయలే ఉంటాయి. తెల్లబడ్డ తాలు కాయలు నడుమ ఉంటాయి. రైతు ముఖం చూసి తూకం రాసేవాడు ఆ కొలువులో నెల నిలవడు. మోచేతి దాకా చెయ్యి దించి నడుమ నుంచి గుప్పెడు తియ్యాలి. మనుషుల విషయంలోనూ నాకదే అలవాటైంది. పైకి ఇన్ని మంచి కాయలు కనబడుతున్నాయంటే లోపల ఎక్కడో తాలు ఉండాలి.

ఐదో వారమో ఆరో వారమో ఆయన జాక్స్ అని పెట్టాడు. జెడ్, ఏ, ఎక్స్. అక్షరాలకే పంతొమ్మిది పాయింట్లు. అది పాయింట్లు పెంచే రంగు గడిలో పడి ఇంకా పెరిగింది. మా నిఘంటువుకు డబ్ల్యూ మధ్య నుంచి చివరిదాకా చెద పట్టింది. జెడ్ మాటలకు మా గదిలో సాక్ష్యం లేదు.

"పలకరాయి చెక్కే పనిముట్టండి," అన్నాడు. కుడిచేత్తో గాలిలో చెక్కి చూపించాడు. "ఇటువైపు కత్తిలాగా ఉంటుంది, రాయి అంచు నరకడానికి. వెనకవైపు మేకులా ముల్లు ఉంటుంది, బెజ్జం పెట్టడానికి. ఇళ్ళ కప్పులకు పలకరాళ్ళు వేసే చోట వాడేవాళ్ళు."

"ఉందనడానికి రుజువు?" అన్నాను.

"చెద తినేసిందిగా," అన్నాడు ఎరువుల కొట్టువాడు. "చెదని అడుగు."

టీచరమ్మ గారు, "ముల్లు ఏ వైపున ఉంటుందో కూడా చెబుతున్నారు. నమ్ముదాం," అన్నారు.

ఇంటికెళ్ళి ఫోన్లో చూశాను. ఉంది. కత్తి అంచు, వెనక ముల్లు, అన్నీ ఆయన చెప్పినట్టే. నాకు సంతోషం కలగలేదు. నోటుబుక్కులో ఐదో గడి నింపి, అప్పటి నుంచి మాటల్ని వదిలేసి ఆయన చేతుల్ని చూడటం మొదలుపెట్టాను.

ఎందుకంటే అప్పటికి బిళ్ళల లెక్క తేడా వస్తోంది. ఆయన వచ్చిన మొదటి ఆదివారం గంట కొట్టాక, గది చూసుకునే ఆవిడ బిళ్ళలు సంచీలో వేస్తూ లెక్కపెట్టి, "తొంభై తొమ్మిదండి," అంది. నేను పాయింట్లు కూడుతున్నాను. ఎక్కడో మూలకు దొర్లి ఉంటుందని రాసుకున్నాను. రెండో వారం తొంభై తొమ్మిది. మూడో వారమూ అంతే. అంతకు ముందు నాలుగేళ్ళు నా పుస్తకంలో నూరు తప్ప వేరే అంకె లేదు.

టీచరమ్మ గారికి చెబితే కిటికీలు మూస్తూ, "పాత సెట్టు. ఒకటి పోతే పోయిందిలెండి," అన్నారు.

పోవడం వేరు, పోయిన రోజు వేరు. కొత్త మనిషి వచ్చిన రోజే పోయింది. నేను ప్రతి ఆటా చివర అట్టను నోటుబుక్కులో గీసుకుంటాను. ఆ వారాలన్నీ తిరగేసి చూశాను. అక్షరాలన్నీ, ఏది ఎన్ని ఉండాలో అన్నీ, ఏదో ఒక ఆదివారం కనబడ్డాయి. రెండు ఖాళీ బిళ్ళలు కలిసి ఒక్క ఆదివారం కూడా కనబడలేదు. కాబట్టి పోయింది ఖాళీ బిళ్ళ. అన్నిటికంటే అక్కరకొచ్చే బిళ్ళ.

ఇంకొకటి కూడా లెక్కగట్టాను. జెడ్ బయటికొచ్చిన ఆరు ఆటల్లో నాలుగు సార్లు ఆయన చేతికే వచ్చింది. నలుగురం ఆడుతున్నాం కాబట్టి ఎవరికైనా నాలుగో వంతు రావాలి. ఆరింట నాలుగు గానీ అంతకు మించి గానీ ఒకరికే వచ్చే అవకాశమెంత? కాగితం మీద విడమర్చి వేసుకుంటే నాలుగు వేల తొంభై ఆరింట నూట యాభై నాలుగు. ఇంచుమించు ఇరవై ఏడింట ఒకటి. ఇరవై ఏడు గోతాల్లో ఒక్కటి పాడైనా మేం లాటంతా ఆపేస్తాం. లెక్క ఇప్పటికీ తప్పు లేదు. నలుగురం ఉన్నాం, అరుదైన అక్షరాలు అరడజనున్నాయి, అన్నన్ని జతల్లో ఎక్కడో ఒకచోట ఇలాంటిది తగలకపోతేనే వింత అన్నది నాకు చాలా ఆలస్యంగా తోచింది. నేను ఒక్క మనిషిని పట్టుకుని ఒక్క అక్షరాన్ని లెక్కపెట్టాను.

నేనే సంచీ బోర్లించి ఎందుకు లెక్కపెట్టలేదని ఎవరైనా అడగవచ్చు. అందరి ముందూ లెక్కపెడితే దొంగ జాగ్రత్తపడతాడు, ఆ వారానికి తెచ్చి వేసేస్తాడు. గోతాం దించేముందే చెయ్యి పెట్టి చూస్తామని తెలిస్తే రైతు నడుమ కూడా మంచి కాయలే పోస్తాడు. అందుకని ఊరుకుని చూశాను.

చూసేకొద్దీ కనబడ్డాయి. ఆయన పొడుగు చేతుల చొక్కా. పావుగంటకొకసారి కుడిచెయ్యి జేబులోకి పోతుంది, చేతిరుమాలుతో బయటికొస్తుంది, ఆయన తుమ్ముతాడు, చెయ్యి మళ్ళీ జేబులోకి పోతుంది. అవి మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజులు. ఊరంతా ఘాటు. మాకు పుట్టుకతో అలవాటు, మేమెవరం తుమ్మం. ఈయనెందుకు తుమ్ముతున్నాడు? రాళ్ళ సీమ నుంచి వచ్చిన మనిషికి కారం ఘాటు పడదన్న సంగతి చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. నాకు తెలియలేదు. నేను ప్రతి తుమ్మూ రాసుకున్నాను.

తొమ్మిదో వారం ముందు ఎరువుల కొట్టుకెళ్ళి వాడితో చెప్పాను. లెక్కంతా కాగితం మీద చూపించాను.

"ఏందిరా ఇది, చెక్కబిళ్ళ కోసం పంచాంగం రాశావు," అన్నాడు. కానీ కాగితాన్ని రెండోసారి చదివాడు. "ఇరవై ఏడింట ఒకటా? నిజమేనా?"

"నిజమే."

"అయితే పట్టేద్దాం."

"ఒరేయ్, నువ్వేం అనబాకు. చూద్దాం ముందు."

వాడికి చెప్పడమంటే మైకులో చెప్పడమేనని నాకు తెలుసు. తెలిసే చెప్పాను.

ఆ ఆదివారం ఆట సగంలో ఆయనకు తుమ్ములొచ్చాయి. చెయ్యి జేబులోకి పోయింది. ఎరువుల కొట్టువాడు కుర్చీ వెనక్కి జరిపాడు.

"పెద్దాయనా, ఆ జేబులో ఏముందో ఒకసారి చూపిస్తారా? మావాడికి నిద్ర పట్టట్లేదు."

ఆయన వాడి వైపు చూడలేదు. నా వైపు చూశాడు. తర్వాత లేచి నిలబడి జేబుల్లో ఉన్నవన్నీ ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాడు. చేతిరుమాలు. ఇంటి తాళంచెవి. సగం వాడిన మాత్రల అట్ట. నాలుగు మడతల కాగితం. జేబుల గుడ్డ కూడా బయటికి లాగి చూపించాడు. మణికట్ల గుండీలు విప్పి చేతులు దులిపాడు.

"ఆ చీటీ ఏంది?" అన్నాడు ఎరువుల కొట్టువాడు. వాడి గొంతు అప్పటికే తగ్గింది.

టీచరమ్మ గారు కాగితం విప్పి చదివారు. ఇంగ్లిషు మాటలు పద్నాలుగు, చిన్న చిన్న అక్షరాల్లో. పైన తెలుగులో ఒక వరస: 'టీచరమ్మ గారిని అడగవలసినవి'. అర్థం తెలియదు కాబట్టి ఆయన ఆ మాటల్ని ఏనాడూ అట్ట మీద పెట్టలేదు. చేతికి అక్షరాలు వచ్చిన రోజుల్లో కూడా పెట్టలేదని నా నోటుబుక్కు చూసుకుని తర్వాత తెలుసుకున్నాను.

ఆయన వస్తువులన్నీ తిరిగి జేబుల్లో సర్దుకున్నాడు. కాగితం మాత్రం టీచరమ్మ గారి చేతిలోనే వదిలేసి, "వెళ్ళొస్తానండి," అని బయటికి నడిచాడు. గంట కొట్టడానికి ఇంకా గంటకు పైగా ఉంది.

"నువ్వే కదరా చెప్పింది," అన్నాడు ఎరువుల కొట్టువాడు.

టీచరమ్మ గారు కాగితంలోని మాటల పక్కన ఒక్కొక్కదానికీ అర్థం రాస్తూ కూర్చున్నారు.

మరుసటి ఆదివారం ఆయన రాలేదు. ముగ్గురం ఆడాం. గంట కొట్టాక గది ఆవిడ బిళ్ళలు లెక్కపెట్టి, "తొంభై తొమ్మిదండి," అంది. చూశావా, పూర్తిగానే పట్టుకుపోయాడు అనుకున్నాను. జేబులు బోర్లించి చూపించిన మనిషి గురించి, ఇంట్లో దాచి ఉంటాడు అనుకున్నాను. అనుమానానికి అదొక సుఖం. ఎటు తిప్పినా నిలబడుతుంది.

ఆ తర్వాతి ఆదివారం ఎరువుల కొట్టువాడు కూడా రాలేదు. టీచరమ్మ గారూ నేనూ ఇద్దరమే. నాలుగు గంటలకే ఆవిడ ఇక చాలన్నారు. కూడటానికి ఇద్దరి పాయింట్లే కాబట్టి నా పని నిమిషంలో అయిపోయింది. చెయ్యడానికేమీ లేక గది ఆవిడ వైపు చూస్తూ కూర్చున్నాను. అట్ట మీద బిళ్ళలు కుప్పచేసి, మిగిలినవి సంచీలోంచి దానిలో ఒంపి, మొదటి బిళ్ళ తీసుకుంది. దాన్ని కళ్ళకద్దుకుని సంచీలో వేసింది. పెదాలు కదిలాయి గానీ అంకె వినబడలేదు. తర్వాత రెండో బిళ్ళ తీసి, "ఒకటి," అంది.

"ఆగమ్మా," అన్నాను. "మొదటిదాన్ని లెక్కెయ్యలేదే?"

"అది దేవుడిది కదయ్యా."

"ఏంటీ?"

"మొదటిది దేవుడిదండి. దానికి అంకె ఉండదు." నాకు తెలియకపోవడమే ఆవిడకు వింతగా ఉంది. "మాది కనిగిరి అవతలండి. మా నాన్న కల్లంలో జొన్నలు కొలిచేవాడు. మొదటి మానిక దేవుడికని పక్కన పోసేవాడు, అది చర్చికి పోతుంది. రెండోదాన్నుంచి ఒకటి అని మొదలెట్టేవాడు. దేవుడి సొమ్ముకి మనం అంకె వెయ్యకూడదంటండి. ఏది లెక్కపెట్టినా మాకదే అలవాటు. గుడ్లయినా, పిడకలైనా."

"అన్ని వారాలూ ఇట్టాగే లెక్కపెట్టావా?"

"అట్టాగేనయ్యా. నేనొచ్చినకాడి నుంచీ."

"నువ్వెప్పుడొచ్చావు?"

ఆవిడ టీచరమ్మ గారి వైపు చూసింది. టీచరమ్మ గారు నెమ్మదిగా చెప్పారు. "పాత ఆవిడ వాళ్ళ కూతురి పురుడుకని వెళ్ళింది కదండీ. ఆ వారమే."

ఆ వారమే ఆయన కూడా వచ్చింది. మా గదికి ఒకే వారంలో కొత్తవాళ్ళు ఇద్దరొచ్చారు. నేను ఒక్కరినే చూశాను.

సంచీ బోర్లించి నేనే లెక్కపెట్టాను. మా ఇళ్ళలో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనరు. లాభం అంటారు, తర్వాత రెండు అంటారు. మొదటి కొలత పేరు మారుతుందే గానీ లెక్కలోంచి పోదు. మా నాన్న కొలుస్తుంటే నేను పక్కన కూర్చుని పుల్లలు పేర్చేవాణ్ణి. కొలతకు కొలతకు మధ్య ఊరూరికీ ఇంటింటికీ తేడా ఉంటుందని నాకంటే బాగా తెలిసినవాళ్ళు తక్కువ. అలాంటి నేను, లెక్కపెట్టిన మనిషి ఎక్కడ మొదలుపెడుతోందో ఒక్కసారి కూడా వినకుండా, ఎక్కడ ఆపిందో మాత్రమే పది వారాలు రాసుకున్నాను.

లాభం, రెండు, మూడు అనుకుంటూ చివరికొచ్చాను. నూరు. ఖాళీ బిళ్ళలు రెండూ ఉన్నాయి.

"ఏమన్నా తప్పు చేశానా అయ్యా?" అంది ఆవిడ.

"నువ్వు కాదమ్మా," అన్నాను.

ఆయన ఉండేది పత్తి మిల్లు వెనక సందులో రెండు గదుల వాటా. మర్నాడు కొలువుకెళ్ళేముందు వెళ్ళాను. అరుగు మీద కూర్చుని చాటలో కందిపప్పు ఏరుకుంటున్నాడు. నన్ను చూసి లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

"బిళ్ళ పోలేదండి," అన్నాను. నిలబడే మొత్తం చెప్పాను. గది ఆవిడ లెక్క, దేవుడి మానిక, అన్నీ.

ఆయన ఏరడం ఆపాడు. "కళ్ళకద్దుకుని వేస్తుంది, అదేగా?"

"అవునండి."

"మా అమ్మ కూడా అంతే. కూలి గింజలు తెచ్చి కొలుచుకునేటప్పుడు." ఒక రాయి తీసి పక్కన పడేశాడు. "నన్నడిగితే మొదటి వారమే చెప్పేవాణ్ణి కదండీ. ఆవిడ ఎట్టా మొదలెడుతుందో నేను చూస్తూనే ఉన్నా. మీకందరికీ తెలుసనుకున్నా."

నేను ఆయన పడేసిన రాయి వైపు చూశాను.

"మీరు నన్ను చాలా అడిగారు," అన్నాడు. "మాటమాటకీ అర్థం అడిగారు. ఇంగ్లిషు ఎవరు నేర్పారని అడిగారు. ఇదొక్కటి అడగలేదు."

"తప్పయిపోయిందండి."

"సరే."

"వచ్చే ఆదివారం రండి."

ఆయన చాట పక్కన పెట్టాడు. "నా పనంతా లోపలికెళ్ళినవాళ్ళనీ బయటికొచ్చినవాళ్ళనీ రాసుకోవడమండి. ముప్పై ఏళ్ళలో ఒక్కడి జేబు చూడలేదు. ఇక్కడ నా ఒక్కడి ముందు మీరంటే అది మీకూ నాకూ సరిపోయిద్ది. అక్కడ నలుగురున్నారు. అక్కడన్న మాట అక్కడే తీసుకోవాల. నేను లేకపోయినా పర్లేదు."

ఆ ఆదివారం నేను గదిలో నిలబడి చెప్పాను. టీచరమ్మ గారు, ఎరువుల కొట్టువాడు, తలుపు దగ్గర గది ఆవిడ. లెక్క తప్పింది నాదనీ, ఆయన మీద నింద మొదలుపెట్టింది నేనేననీ, వీణ్ణి ఉసిగొల్పింది కూడా నేనేననీ చెప్పాను. చదువు గురించి అడిగిన ప్రశ్న కూడా చెప్పాను. దాన్ని చెప్పడం మిగతా అన్నిటికంటే కష్టమైంది. ఎరువుల కొట్టువాడు నేల చూస్తూ, "నాదీ నోరు మంచిది కాదులే," అన్నాడు. ఆ రోజు ఆయన రాలేదు. నాలుగో కుర్చీ ఖాళీగానే ఉంది.

ఇంకో రెండు వారాలకు వచ్చాడు. టీచరమ్మ గారు ఆయన కాగితం తిరిగిచ్చారు. ఆయన అర్థాలు చదువుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. కూర్చునేముందు చొక్కా చేతులు రెండూ మోచేతుల పైకి మడుచుకున్నాడు. సంచీలో బిళ్ళ కోసం చెయ్యి పెట్టేటప్పుడు ముఖం అవతలికి తిప్పుకుని, రెండో చెయ్యి బల్ల మీద అరచెయ్యి పైకి ఉండేలా పెట్టాడు. తుమ్ము వస్తే లేచి గుమ్మం బయటికెళ్ళి తుమ్మి వచ్చాడు. చేతులు మడుచుకోవద్దని చెప్పాలనుకున్నాను. ఎలా చెప్పాలో తెలియలేదు. నా చూపు ఆ చేతుల మీదికే పోతోంది. ఇప్పుడు చూడటానికి కారణం లేదు, అయినా పోతోంది.

నాలుగోసారి తన వంతు వచ్చినప్పుడు ఆయన టాడ్ అని పెట్టాడు. టి, ఓ, డి. నాలుగు పాయింట్ల మాట. నాకు తెలియదు. ఊరుకున్నాను. ఆయన తన వంతు అయిపోయినా కొత్త బిళ్ళలు తీసుకోలేదు.

"అడగండి," అన్నాడు.

"పర్లేదండి."

"మీకు తెలియని మాట పెడితే మీరడుగుతారు. అడగకపోతే, ఏం దొంగ మాట పెట్టాడో అని మనసులో అనుకుంటున్నారనుకుంటా నేను. అది ఇంకా కష్టం."

"ఏంటండీ టాడ్ అంటే?"

"ఉన్ని తూచే కొలతండి, పూర్వంది. ఇరవై ఎనిమిది పౌన్లు."

"పన్నెండు కిలోల ఏడు వందల గ్రాములు," అన్నాను, ఆలోచించకుండానే.

"అంతుంటుందా?" అన్నాడు. "గోతాంలో మూడో వంతు కూడా కాదన్నమాట."

టి మాటలకు చెద పట్టలేదు. నిఘంటువు చేతికందేంత దూరంలోనే ఉంది. ఎవరూ తెరవలేదు, నేనూ తెరవలేదు. ఆయన సంచీలో చెయ్యి పెట్టి మూడు బిళ్ళలు తీసుకున్నాడు. వంతు టీచరమ్మ గారికి వెళ్ళింది.

గంట కొట్టాక బుట్టలోంచి ఫోన్ తీసుకుని, చర్చి గేటు దాటగానే చూశాను. ఇరవై ఎనిమిది పౌన్లే.